టానర్ ఇంటిపేరు, నర్సయ్య వంతు

రియాద్‌లో, మలాజ్‌లోని మా కార్యాలయంలో కొత్తగా చేరేవారి పత్రాలన్నీ మొదట నా బల్ల మీదికి రావలసిందే. పాస్‌పోర్టు నకలు, ఇఖామా అనే నివాస అనుమతి కార్డు, వైద్య పరీక్ష కాగితం, ఒప్పందం. ఈ వరుస తప్పితే నేను ముట్టుకోను. నా వెనక కుర్రవాళ్ళు నన్ను "ఫైలు తాత" అంటారని నాకు తెలుసు. అననీ. విమానం రేపనగా ఎగ్జిట్ కాగితం కనబడక లబోదిబోమంటూ వచ్చేది ఈ తాత దగ్గరికే. పోయిన నెలలో అలా వచ్చిన ఒక కట్టలో ఇంగ్లండు నుంచి కొత్తగా చేరిన భద్రతాధికారిణి పాస్‌పోర్టు ఉంది. ఇంటిపేరు గడిలో టానర్ అని ఉంది. నేను కలం కింద పెట్టేశాను. ఆ అమ్మాయి ఒకప్పుడు జుబైల్‌లో నేనెరిగిన టానర్‌కు ఏమీ కాదని రెండు ప్రశ్నల్లో తేలిపోయింది. అయినా ఊరుకోలేక, "మీ ఇంటిపేరుకు అర్థం తెలుసా అమ్మా?" అని ఇంగ్లీషులో అడిగాను. "తెలియదండీ. ఎప్పుడూ ఆలోచించలేదు. చెడ్డ అర్థమా?" అంది. పచ్చితోళ్ళను ఊనబెట్టి చర్మం చేసేవాడని అర్థమని చెప్పాను. "ఓ, అలాగా! బాగుంది," అని నవ్వి, కాఫీ యంత్రం ఎటువైపు ఉందో అడిగి వెళ్ళిపోయింది.

ఆమె తప్పేమీ లేదు. ఆమె పేరులో ఉన్న పచ్చితోలు వాసన ఎన్నో తరాల కిందటే ఎగిరిపోయింది. ఆ పేరుతో ఆమె ఏ ఊళ్ళోనైనా ఇల్లు అద్దెకు తీసుకోగలదు, ఎవరి పక్కనైనా కూర్చుని తినగలదు. కానీ ఆ పేరు పట్టుకుని ఒకనాడు జుబైల్‌లో నేను చేసిన పని నాకు ముప్పై ఏళ్ళకు పైగా అరగలేదు. ఆ సాయంత్రం గదికి వచ్చి, మంచం కింది ట్రంకుపెట్టె లాగి, ఆనాటి నోటుపుస్తకం వెతికి తీశాను. ఈ దేశంలో దిగిన నాటినుంచీ నేను ప్రతిరోజూ రాస్తున్నాను. మా నాన్నగారు సమితి కార్యాలయంలో రికార్డుల గుమాస్తా. రాత్రి పడుకునే ముందు ఆనాటి సంగతులు నాలుగు పంక్తులైనా రాయనిదే దీపం తగ్గించేవారు కాదు. "రాసింది నిజం కాకపోతే రాయడం దేనికిరా, కాగితం దండగ," అనేవారు. ఆయన కొడుకునని, నా పుస్తకాల్లో అబద్ధం లేదని నలుగురిలో చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. ఒక పంక్తి ఉంది. దాన్ని గురించి రాయకుండా ఈ జ్ఞాపకాలు ఎంత రాసినా కాగితం దండగే.

అప్పుడు నేను జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో టైమ్‌కీపర్‌ని. పెట్రోకెమికల్ ప్లాంటును ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులకు మా వాళ్ళను పంపేవారు. ఎవరు ఏ గేటులో ఎన్నింటికి వెళ్ళారు, ఏ గదిలో ఎవరు పడుకుంటారు, ఎవరికి జ్వరం, ఎవరికి సెలవు, అన్నీ నా రిజిస్టర్లలో ఉండేవి. క్యాంపులో మా గదికి ఆరుగురం. గాలి ప్లాంటువైపు నుంచి వీస్తే కుళ్ళిన గుడ్డు వాసన, సముద్రంవైపు నుంచి వీస్తే ఒళ్ళంతా జిగట. ఏసీ నుంచి కారే నీటిని బకెట్‌లో పట్టి గది కడిగేవాళ్ళం. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో ఒకరు చింతపండు నానేసేవారు. గదిలో మొదటి చప్పుడు ఆ గిన్నెదే. పనికి వెళ్ళేటప్పుడు చల్లారిన అన్నంలో పులుసు కలిపి డబ్బాల్లో కుక్కుకునేవాళ్ళం. మధ్యాహ్నం పైపుల నీడలో మూతలు తీస్తే ఆరు డబ్బాల్లోనూ ఒకే వాసన. ఇవాళ నా వంటగదిలో రకరకాల పొడులున్నాయి, ఆవిరి కుక్కరుంది. ఆ వాసన మాత్రం లేదు. దాన్ని పోగొట్టిన వాళ్ళలో నేనొకణ్ణి కాబట్టి అది నాకు అడిగే హక్కు లేని వాసన.

గదిలో పెద్దవాడు రాజన్న, జగిత్యాల వైపు మనిషి, పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ ముఠాకు మేస్త్రీ. ఎవరు కొత్తగా గదికి వచ్చినా, పెట్టె కింద పెట్టక ముందే మంచినీళ్ళిచ్చి, చాలా ఆప్యాయంగా, "ఇంటిపేరేంది తమ్మీ?" అని అడిగేవాడు. ఊరు అడగడం తరవాత. మనలో ఇంటిపేరు అడగడమంటే ఏమి అడగడమో చదివేవారికి నేను వివరించనక్కరలేదు. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. నా ఇంటిపేరు చెప్పగానే రాజన్న లేచి కిటికీ పక్క మంచం నాకిచ్చాడు. నేను తీసుకున్నాను. మాది ఊరి నడిమధ్య ఇల్లు. అంత సులువుగా దొరికిన మంచం గురించి ఆనాడు నా నోటుపుస్తకంలో ఒక్క ముక్క రాయలేదు. సత్యం అనే ఎలక్ట్రీషియన్ మా కాకినాడ వైపువాడు, నన్ను మాస్టారూ అనేవాడు, వాడికీ ఇబ్బంది రాలేదు. నర్సయ్య వచ్చిన రోజున కూడా రాజన్న అదే ప్రశ్న వేశాడు. నర్సయ్య తన ఇంటిపేరు చెప్పాడు. ఆ ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంది. అలాంటి పేరుండటం మన దేశంలో ఒక అదృష్టం. వినేవాడు తనకు నచ్చినట్టు అనుకోవచ్చు, చెప్పేవాడు అబద్ధమాడనక్కరలేదు. రాజన్న ఏమనుకున్నాడో, "మనోడే," అన్నాడు.

నర్సయ్య వెల్డర్. పొట్టిగా, నిదానంగా ఉండేవాడు. వంటలో ఆయనకు సాటి మా క్యాంపులో లేరు. ఫ్రిజ్ తలుపు మీద నేను రాసి అతికించిన వంట వంతుల పట్టిక ఉండేది. ఆరుగురికి ఆరు రోజులు, ఏడోదైన శుక్రవారం అందరి కోరిక మీద నర్సయ్యది. ఊరినుంచి ఎవరు వచ్చినా ఎండబెట్టిన పుంటికూర తెమ్మనేవాడు. మా వైపు దాన్నే గోంగూర అంటాము. శుక్రవారం ఉదయం నుంచీ పుంటికూర వేసిన మాంసం ఉడుకుతుంటే పక్క గదుల మలయాళీలు కూడా ఏదో ఒక వంకతో వచ్చి తలుపు దగ్గర నిలబడేవారు. వంటకు ముందు ఆయన మోచేతుల దాకా మూడుసార్లు చేతులు కడుక్కునేవాడు. గరిటెతో రుచి చూసేవాడు కాదు. "ఉప్పు జూడు సారూ," అని నా అరచేతిలో పులుసు చుక్క వేసేవాడు. శుభ్రత గల మనిషి అని నోటుపుస్తకంలో మెచ్చుకుంటూ రాశాను. ఆ శుభ్రత వెనక ఎంత భయం ఉందో తెలుసుకునే తెలివి నాకు లేదు. పట్టికలు రాయడం మాత్రం వచ్చు.

ఇక టానర్. పైపుల వెల్డింగును తనిఖీ చేసే ఇంగ్లీషు ఆయన, అరవైకి దగ్గరలో ఉండేవాడు, ఎండకు కమిలిన చెవులు. పదింటికల్లా నా క్యాబిన్‌కు వచ్చి సొంత ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, నాకూ అరకప్పు ఇచ్చేవాడు. ఇంగ్లీషు బాగుపరచుకోవాలని ఆ రోజుల్లో నేను ఇంగ్లీషు వాళ్ళ ఇంటిపేర్ల అర్థాలు రాసుకునేవాణ్ణి. ప్లాంటు గేటు రిజిస్టరులో కొత్త పేరు కనబడితే నిఘంటువు తిరగేసేవాణ్ణి. స్మిత్ అంటే కమ్మరి. పాటర్ అంటే కుమ్మరి. కార్టర్ బండి తోలేవాడు. వెబ్‌స్టర్ నేత నేసే మనిషి. బార్బర్ మంగలి. ఫుల్లర్ ఉన్నిబట్టను నీళ్ళలో తొక్కి చిక్కబరిచేవాడు. క్లార్క్ అంటే రాయసకాడు, అంటే మా నాన్న, నేను. రాసేకొద్దీ నాకు ఒక ఊరు కనబడింది. మన ఊరే. అన్ని వాడలూ ఉన్నాయి. కానీ అక్కడ కుమ్మరి ఇంటిపేరువాడు ఇంజనీరై వచ్చి, మంగలి ఇంటిపేరువాడి కింద పని చేస్తున్నాడు. ఎవరూ ఎవరినీ ఆ పేరు పట్టి కొలవడం లేదు. చివరికి టానర్ దగ్గరికి వచ్చాను. అర్థం చూసి పుస్తకం మూసేశాను. మర్నాడు టీ వేళకు ఉండబట్టలేక అడిగేశాను.

ఆయన పెద్దగా నవ్వాడు. "అవునయ్యా, తోళ్ళు ఊనబెట్టేవాళ్ళమే. ఎప్పటివాళ్ళో మాకే తెలియదు. ఆ పని ఊరికి దూరంగా, ఏటికి దిగువన చేసేవారట, కంపు ఊళ్ళోకి రాకుండా. మా తాతలు నాకు ఇంకేమీ ఇవ్వలేదు, ఇదొక్కటి ఇచ్చారు," అని తన టోపీ మీది పేరు తట్టి చూపించాడు. ఊరికి దూరంగా, ఏటికి దిగువన. మా ఊళ్ళో మాదిగవాడ ఉన్నది సరిగ్గా అక్కడే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి గదిలో చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పుడు నిజాయితీగా రాస్తాను. జ్ఞానం పంచుదామని కాదు. నవ్విద్దామని. నవ్వించాను కూడా.

"అంటె మన టానర్ దొర తోలు మనిషా?" రాజన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండానే ఆగాడు. "ఓరి వారి! నిన్న గాయన చాయ్ దాగిన గదనే!"

"అయిపోయావు రాజన్నా," అన్నాడు సత్యం. "ఊరెళ్ళాక మీ ఆవిడ వాకిట్లోనే ఆపేసి బిందెడు నీళ్ళు కుమ్మరిస్తుంది."

"కుమ్మరిస్తే కుమ్మరియ్యనీ. దొర చాయ్ గద, దోషం ఉండది!"

గదంతా నవ్వు. దొర చేస్తే దోషం లేదన్న ఆ మాటలో మన న్యాయశాస్త్రమంతా ఉందని నాకు అప్పుడు తట్టలేదు. నవ్వు తగ్గాక నర్సయ్య, పళ్ళెంలోకే చూస్తూ, "సారూ, గాయినకు సిగ్గు గాలేదా చెప్పేటందుకు?" అని అడిగాడు.

"సిగ్గా? నవ్వాడయ్యా. టోపీ మీద పేరు తట్టి చూపించాడు."

"నవ్విండా," అన్నాడు నర్సయ్య.

మర్నాడు శుక్రవారం. ఆయన వంతు. నమాజుకు పిలుపు వినబడే వేళకు కూర దిగింది. నేల మీద పాత పేపర్లు పరిచి ఆరు పళ్ళేలు పెట్టాడు. అన్నం వడ్డించాడు. కూర గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, గరిటె చేతిలోకి తీసుకోకుండా నిలబడ్డాడు. "మా బాపు గూడ గదే పని జేసిండు," అన్నాడు.

"ఏం పని?" అన్నాడు రాజన్న.

"టానర్ దొరోళ్ళ పని. తోళ్ళు ఊనబెట్టుడు. చెప్పులు గుట్టుడు. మాది మాదిగోళ్ళ ఇల్లు. చెప్పాలనిపించింది, చెప్పిన."

రాజన్న పళ్ళేన్ని ముందుకు నెట్టాడు. కోపంతో కాదు, చాలా నెమ్మదిగా. "గిది ముందుగాల జెప్పాలె గదరా. ఏడాదిన్నర నుంచి నీ చేతి బువ్వ తినబడితిమి."

"తిన్నవు గదనే," అన్నాడు నర్సయ్య. "అరిగింది గద."

ఆ మాటకు సత్యం నవ్వబోయి ఆపుకున్నాడు. రాజన్న లేచాడు. ఆయన వెనక మిగిలిన ఇద్దరూ లేచారు. సత్యం నావైపు చూశాడు. నేను ఏం చేస్తే అదే చేసేవాడు. చదువుకున్నవాణ్ణి, మాస్టారిని, పట్టిక రాసినవాణ్ణి. నేను కులం పాటించనని అప్పటికే చాలామందికి చెప్పుకుని ఉన్నాను. నేను కూర్చుంటే గది రెండుగా చీలుతుందని, పెద్దవాడికి నచ్చజెప్పి సాయంత్రానికి సర్దుబాటు చేద్దామని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. ఆ వాదన ఎంత పొందికగా ఉందంటే, ఇప్పటికీ తప్పు పట్టాలంటే కష్టం. నేను లేచాను. సత్యం లేచాడు.

బయట నీడలో నిలబడితే కిటికీ అద్దంలోంచి కనబడుతూనే ఉంది. నర్సయ్య కూర్చుని, తన పళ్ళెంలో కూర వేసుకుని, తొందరేమీ లేకుండా తిన్నాడు. తరవాత పళ్ళేలు కడిగాడు. ఎవరూ చెయ్యి పెట్టని ఐదు పళ్ళేలలోని అన్నం గిన్నెలోకి తిరిగి వేసి, ఆ ఐదు కూడా సబ్బుతో తోమి బోర్లించాడు.

సాయంత్రం నేను రాజన్నతో మాట్లాడిన మాట నిజం. రెండు వాక్యాలు మాట్లాడాను. ఆయన, "నువ్వు చెప్పింది నిజమే సారూ. గని రేపు ఊళ్ళె తెలిస్తే మా ఇంటోళ్ళకు నేనేం జెప్పాలె? నా బిడ్డ పెండ్లి కాలె," అన్నాడు. ఊరు అక్కడ మూడు వేల కిలోమీటర్ల దూరాన ఉంది. అయినా మా గది ఆ ఊళ్ళోనే ఉంది. "వంతుల కాయితం మల్ల రాయి," అన్నాడు. నేను స్కేలు పెట్టి గీతలు గీసి, ఐదు పేర్లనే ఆరు రోజులకు సర్ది కొత్త పట్టిక రాశాను. నా దస్తూరి బాగుంటుంది. శుక్రవారం గడి ఖాళీగా ఉంచాను. ఆ తరవాత ఆ గడిని ఎవరూ అడగలేదు. శుక్రవారాలు మలయాళీ హోటల్ పరోటాలు తిన్నాము. గదుల కేటాయింపు రిజిస్టరు కూడా నా చేతిలోదే కదా. చివరి వరుసలో బంగ్లాదేశ్ వాళ్ళ గదిలో ఒక మంచం ఖాళీగా ఉంటే నర్సయ్యను అక్కడికి మార్చాను. ఎందుకు మార్చారని కారణం రాసే గడి ఒకటుంది. "స్వంత కోరికపై" అని రాశాను. రాత్రి నా నోటుపుస్తకంలోకి కూడా అదే ఎక్కించాను: నర్సయ్య స్వంత కోరికపై గది మారినాడు. ఆయన పెట్టె మోయడానికి సాయం వెళ్ళానని కూడా రాసుకున్నాను. అది నిజమే. అదే నాకు మరీ రోత.

టానర్‌కు ఇదంతా తెలియదు. మర్నాడు పదింటికి వచ్చి టీ పోశాడు. నేను ఇంటిపేర్ల జాబితా ఆపేశాను. ఆయన కొన్నాళ్ళకు తన దేశం వెళ్ళిపోయాడు. నర్సయ్య ప్లాంటు గేటు దగ్గర ఎదురైతే, "మంచిదే సారూ," అనేవాడు. నేను వాచీ చూసుకునేవాణ్ణి.

కాలం మారిందంటారు. ఏం మారిందో లెక్కగా చూశాను. ఈ ఊళ్ళో తెలుగు వాళ్ళ వాట్సాప్ బృందంలో మొన్న ఒక ప్రకటన వచ్చింది: "బ్యాచిలర్ గదిలో బెడ్ స్పేస్ కలదు. మన తెలుగువారికే. పూర్తి పేరు పంపగలరు." పూర్తి పేరు ఎందుకయ్యా? మంచం మీద పడుకునేది మనిషా, ఇంటిపేరా? ఇదే అడుగుతూ ఒక పేజీడు రాసి పెట్టాను. గంటలో నన్ను బృందంలోంచి తీసేశారు. రాజన్నే నయం. మంచినీళ్ళిచ్చి అడిగేవాడు.

కానీ ఊరివాళ్ళమీద కోపం తెచ్చుకోవడం నాకు వచ్చినంత సులువుగా ఇంకేదీ రాదు. ఆ పంక్తి నాది. అందుకని జుబైల్‌లో ఉన్న ఒక జగిత్యాల ఫిట్టరును పట్టుకుని, అతని ద్వారా ఇంకొకరిని పట్టుకుని, నర్సయ్య ఫోను నంబరు సంపాదించాను. ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. శుక్రవారం ఉదయం చేశాను. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"బాగున్నవా సారూ? ఇంక సౌదీలనే ఉన్నవా? గంత రాసుడు ఏముందే నీకాడ!"

యోగక్షేమాలయ్యాక విషయం చెప్పాను. స్వంత కోరికపై అని రాశానని, అది అబద్ధమని, ఆ రోజు నేను లేవకూడదని. ముందే కాగితం మీద రాసుకున్నాను కాబట్టి తడబడలేదు.

"నీ పుస్తకంల ఏం రాస్తివో నాకేం ఎరుక సారూ," అన్నాడు. "ఆ బంగాళోళ్ళు మంచోళ్ళు. ఆరేండ్లు ఆళ్ళతోనే ఉన్న. నువ్వు గది సూపెట్టినవు, మంచిదే అయింది." మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు బాగుండేది.

ఈ ఏడాది ఉద్యోగం వదిలి వచ్చేస్తున్నానని, వచ్చాక వాళ్ళ ఊరు వస్తానని చెప్పాను. "వస్తే అన్నం పెడతావా నర్సయ్యా?"

"మా ఇంటికొస్తె బువ్వ తినకుంట పోనిస్తమా? మా కోడలు మంచిగ వండుతది."

"నీ చేతి వంట అడుగుతున్నాను."

"వండుడు ఇడిసిపెట్టలే సారూ. నా మటుకు నేను వండుకుంట అప్పుడప్పుడు. ఇంకొకరికి పెట్టుడే ఆ దినం నుంచి బందయింది. మా ఇంటిది మూడేండ్లు మంచంల ఉండి పోయింది. పుంటికూర వండి పెట్టు అని అడిగేది. ఆమెకు గూడ పెట్టలే. హోటల్ల తెచ్చి పెట్టిన. చెయ్యి లేవకపోయేది."

నేను రాసుకున్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టాను.

"ఉన్నవా సారూ?" అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. ఉన్నానని చెప్పి, ఆయన మాటలు ఉన్నవున్నట్టు నోటుపుస్తకంలో రాసుకున్నాను.